రకం వేరు, చోటు వేరు: హెర్పిస్ పరీక్షలపై ల్యాబుల వారికి, వైద్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని డయాగ్నొస్టిక్ ల్యాబుల యజమానులకు, రిపోర్టుల మీద సంతకం పెట్టే ప్యాథాలజిస్టులకు, మైక్రోబయాలజిస్టులకు, ప్రసూతి వైద్యులకు, చర్మవ్యాధుల వైద్యులకు

నమస్కారం.

హెర్పిస్‌కు పనికిరాని రక్తపరీక్షలు చేస్తున్న సంగతి మీలో కొందరితో ముఖాముఖి మాట్లాడాం, కాగితం మీద రాసి కూడా ఇచ్చాం. ల్యాబులో అడిగితే "డాక్టరుగారు రాశారు, మేం చేశాం" అన్నారు. డాక్టరుగారిని అడిగితే "నేను ప్రత్యేకంగా రాయలేదండీ, ప్యాకేజీలో వచ్చింది" అన్నారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. మధ్యలో కాగితం మాత్రం పేషెంటు చేతికి చేరుతోంది. దాని మీద 'హెచ్‌ఎస్‌వీ 1+2 ఐజీఎమ్: పాజిటివ్' అని ముద్ద అక్షరాల్లో ఒకే ఒక్క ముక్క ఉంటుంది (హెచ్‌ఎస్‌వీ అంటే నోటి దగ్గర, జననాంగాల దగ్గర పుండ్లు లేపే హెర్పిస్ వైరస్; ఐజీఎమ్ అంటే రక్తంలో మొదట తయారయ్యే యాంటీబాడీ). డాక్టరు దగ్గరికి వెళ్లేలోగా ఆ ముక్కను ఫోన్లో వెతుకుతారు. 'సుఖవ్యాధి' అని కనబడుతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎలా గడుస్తుందో ఊహించడానికి వైద్యం చదవక్కర్లేదు. విడివిడిగా చెబితే పని జరగలేదు కనుక అందరి ముందూ రాస్తున్నాం.

తికమకకు మూలం ఎక్కడుందో ముందు చెప్పుకోవాలి. నోటి హెర్పిస్, జననాంగ హెర్పిస్ అన్నప్పుడు మనం పుండు లేచిన చోటు చెబుతున్నాం. హెచ్‌ఎస్‌వీ–1, హెచ్‌ఎస్‌వీ–2 అన్నప్పుడు వైరస్ రకం చెబుతున్నాం. ఒకటి నోటిది, రెండు కిందిది అని కాలేజీ రోజుల్లో అందరం ఒక అడ్డగీత గీసుకున్నాం. రెండో రకం విషయంలో ఆ గీత చాలావరకు నిలుస్తుంది. అది నోటి దగ్గర అరుదు, వచ్చినా మళ్లీ మళ్లీ లేవదు. ఒకటో రకం విషయంలో మాత్రం గీత చెరిగిపోయింది. 2020 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనాల ప్రకారం 50 ఏళ్ల లోపు వారిలో 380 కోట్ల మందికి, అంటే నూటికి 64 మందికి, ఒకటో రకం ఉంది. 15 నుంచి 49 ఏళ్ల వారిలో 52 కోట్ల మందికి రెండో రకం ఉంది. అదే వయసు వారిలో జననాంగాల దగ్గర ఒకటో రకమే ఉన్నవాళ్లు 37.6 కోట్లు. ముఖరతి వల్ల పెదవి మీది వైరస్ కిందికి చేరుతుంది. చెప్పడానికి మొహమాటపడే సంగతే, కానీ మనం చెప్పకపోతే పేషెంటు దాన్ని అక్రమ సంబంధంగా చదువుకుంటాడు.

ఒకటో రకం మామూలుగా చిన్నతనంలోనే, పెద్దవాళ్ల ముద్దుల వల్ల అంటుకుంటుంది. చాలామందికి ఏమీ తెలియదు. కొందరు పిల్లలకు జ్వరం వచ్చి, చిగుళ్లు వాచి, నోరంతా పుండ్లు పడి నాలుగు రోజులు అన్నం మానేస్తారు. తర్వాత వైరస్ చెవి ముందు లోతున ఉండే ట్రైజెమినల్ నాడీగ్రంథిలో దాక్కుంటుంది. జ్వరం, ఎండదెబ్బ, నెలసరి, నిద్ర చాలకపోవడం, ఏదో ఒకటి తగిలినప్పుడు అదే నాడి వెంట పెదవి అంచుకు వస్తుంది. ఇంట్లో దాన్ని జ్వరం పొక్కు అంటారు, పురుగు పాకిందంటారు. వారం పది రోజుల్లో చెక్కు కట్టి రాలిపోతుంది. జననాంగాల దగ్గర అంటుకున్నది వెన్నుపాము అడుగున ఉన్న శాక్రల్ నాడీగ్రంథుల్లో కాపురం పెడుతుంది. అక్కడ రెండు రకాలూ ఒకేలా నడుచుకోవు. రెండో రకం మొదటి ఏడాది సగటున నాలుగుసార్లు తిరగబెడుతుంది. అదే చోట ఒకటో రకమైతే ఏడాదిలో ఒకసారి, ఆ తర్వాత ఎప్పుడో. కొందరికి మళ్లీ రానే రాదు. పుండు చూడడానికి రెండూ ఒకటే. ఎర్రటి చర్మం మీద గుత్తిగా నీటి పొక్కులు, చిట్లితే నొప్పి పెట్టే పుండ్లు. కళ్లతో చూసి రకం చెప్పగలవారు లేరు.

పేర్లలో ఉన్న గందరగోళం ఇంకొకటి. నడుం చుట్టూ ఒక పక్కనే పట్టీలా లేచే సర్పిని కూడా మనం హెర్పిస్ అనే రాస్తాం. అది అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసిన పాత వైరస్ తిరగబెట్టడం, ఒకే కుటుంబానిదైనా ఈ రెండు రకాల్లోది కాదు. బుగ్గ లోపల, నాలుక కింద తెల్లగా గుంట పడే నోటిపూత హెర్పిసే కాదు. చీటీ మీద 'హెర్పిస్' అని ఒక్క మాట రాసి వదిలేస్తే సర్పి వచ్చిన అరవయ్యేళ్ల పెద్దాయన కూడా భార్య ముందు దోషిలా కూర్చుంటున్నాడు.

ఇక మీ పనుల వల్ల జనం మీద పడుతున్న భారం ఇదీ.

1. ఐజీఎమ్ చెప్పలేనిదాన్ని దానిచేత చెప్పిస్తున్నారు. ఐజీఎమ్ వచ్చిందంటే కొత్తగా అంటుకున్నట్టే అన్న లెక్క హెర్పిస్‌లో చెల్లదు. పాత వైరస్ తిరగబెట్టినప్పుడూ ఐజీఎమ్ వస్తుంది. పెదవి మీద పొక్కు లేచినా వస్తుంది. అమ్మవారు, సర్పి కలిగించే వైరస్‌కు పుట్టిన యాంటీబాడీని దీనిదిగా పొరబడి రావచ్చు, రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఉన్నవారిలో ఏమీ లేకుండానే రావచ్చు. పైగా రకాన్ని విడదీయలేదు. 'హెచ్‌ఎస్‌వీ 1+2' అని కలిపి చేసే కిట్‌లో ఆ విడదీత మొదటే లేదు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 చికిత్సా మార్గదర్శకాల్లో హెర్పిస్‌కు ఐజీఎమ్ పరీక్ష పనికిరాదని నేరుగా రాసింది. మన రేటు కార్డుల్లో అది ఇంకా పదిలంగా ఉంది.

ఆలస్యంగా తయారై చాలాకాలం నిలిచే యాంటీబాడీని చూసే ఐజీజీ కొంత మెరుగే, అయితే గ్లైకోప్రొటీన్–జీ (రెండు రకాల్లో వేరుగా ఉండే వైరస్ ప్రొటీన్) ఆధారంగా రకాలను విడదీసే కిట్ అయితేనే. అందులోనూ రెండో రకానికి ఇండెక్స్ విలువ (యాంటీబాడీ ఎంత బలంగా తేలిందో చెప్పే అంకె) 1.1కీ 3.0కీ మధ్య వచ్చిన పాజిటివ్‌లలో చాలావరకు అబద్ధపు పాజిటివ్‌లు. వేరే పద్ధతిలో మళ్లీ చూడకుండా వాటిని నమ్మకూడదు. అంటుకున్నాక ఐజీజీ తేలడానికి 12 వారాల దాకా పట్టవచ్చు, కాబట్టి నిన్న భయపడి ఇవాళ చేయించుకున్న పరీక్ష నెగెటివ్ వచ్చినా అర్థం లేదు. ఒకటో రకం ఐజీజీ పాజిటివ్ అయితే అది నోటిదా, కిందిదా అన్నది ఆ కాగితం ఎన్నటికీ చెప్పలేదు. నూటికి అరవై మందికి పైగా వచ్చే ఫలితాన్ని రోగంలా ముద్రించడం ఏం న్యాయం? లక్షణాలు లేనివారికి హెర్పిస్ రక్తపరీక్ష చేయవద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2016లో చెప్పింది, 2023లో మళ్లీ చెప్పింది.

2. గర్భం నిలవని ఆడవాళ్ల మీద టార్చ్ భారం. రెండుసార్లు అబార్షన్ అయిందనగానే టార్చ్ ప్యానెల్, అంటే కడుపులో బిడ్డకు హాని చేసే ఇన్‌ఫెక్షన్లన్నిటికీ కలిపి చేసే రక్తపరీక్ష, రాయడం మన ఊళ్లలో ఆనవాయితీ అయిపోయింది. ఆ పేరులో చివరి అక్షరం హెర్పిస్‌ది. వరసగా గర్భాలు పోవడానికి హెర్పిస్ కారణమనడానికి నిలబడే ఆధారం లేదు. అయినా ఐజీఎమ్ పాజిటివ్ రాగానే నెలల తరబడి అసైక్లోవిర్ మింగిస్తున్నారు, 'తగ్గిందేమో' అని మళ్లీ మళ్లీ రక్తం తీస్తున్నారు. ఈలోగా చూడవలసిన థైరాయిడ్, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, గర్భసంచి ఆకారం, దంపతుల క్రోమోజోములు వెనకబడుతున్నాయి. అత్తింట్లో 'కోడలికి ఏదో రోగముందట' అన్న మాట మాత్రం ముందుకు పోతుంది. భర్తకు పరీక్ష రాసేవాళ్లు అరుదు. రాసినా పై కారణాల వల్ల తేలేదేమీ లేదు, కనుక రాయమని మేం అడగడం లేదు. ఇద్దరికీ మానేయమంటున్నాం.

3. కాపురాలు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13(1) కింద అంటుకునే రూపంలో ఉన్న సుఖవ్యాధి ఇప్పటికీ విడాకులకు ఒక కారణం. కుష్ఠును 2019 సవరణతో ఆ జాబితాలోంచి తీసేశారు, ఇది మిగిలింది. మీరిచ్చే ఒక పంక్తి కోర్టు ఫైల్లో చేరవచ్చునన్న ఎరుకతో రిపోర్టు రాయాలి. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్న ప్రశ్నలకు ఏ పరీక్షా జవాబివ్వదు. రెండో రకం అంటుకున్న చాలామందిలో పుండే కనబడదు. కొందరిలో మొదటి పొక్కు ఏళ్ల తర్వాత లేస్తుంది. పెళ్లయిన ఐదేళ్లకు కనబడిన పుండు ఐదేళ్ల కాపురంలో జరిగిన ద్రోహానికి రుజువు కాదు. ఈ ఒక్క వాక్యం కౌన్సెలింగ్‌లో ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పి పంపితే చాలా గొడవలు గుమ్మం దాటవు.

4. పుండు కళ్లెదుట ఉండగా రక్తం తీస్తున్నారు. చేయవలసింది పుండు నుంచి స్వాబ్ తీసి పీసీఆర్, అంటే వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష. పద్ధతి కష్టమైనదేమీ కాదు. పొక్కు లేచిన 48 గంటల్లోపు అయితే మేలు. స్టెరైల్ సూదితో పొక్కు పైపొర విప్పి, డాక్రాన్ లేదా పాలిస్టర్ స్వాబ్‌తో అడుగును గట్టిగా రుద్దాలి. పైన కారే నీటిని అద్దుకుంటే కణాలు రావు, పరీక్ష ఉత్తినే నెగెటివ్ వస్తుంది. నొప్పి పెడుతుందని ముందే చెప్పాలి. చెక్క పుల్ల స్వాబ్, కాల్షియం ఆల్జినేట్ స్వాబ్ వాడకూడదు, అవి పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. వైరల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియం గొట్టంలో వేసి, చల్లగా ఉంచి పంపాలి. చెక్కు కట్టిన పుండులో వైరస్ దొరకడం కష్టం, నెగెటివ్ వచ్చినంత మాత్రాన లేదని రాయవద్దు. పుండు అడుగు గీకి మైక్రోస్కోపు కింద చూసే జాంక్ స్మియర్‌లో పెద్ద కణాలు కనబడితే ఈ వైరస్ కుటుంబంలో ఏదో ఒకటి అని తెలుస్తుంది, అంతే. సర్పికీ దీనికీ, ఒకటికీ రెండుకీ తేడా అందులో తేలదు.

కోవిడ్ పుణ్యమా అని రియల్‌టైమ్ పీసీఆర్ యంత్రాలు, స్వాబ్‌లు, ట్రాన్స్‌పోర్ట్ గొట్టాలు చాలా మెడికల్ కాలేజీలకు చేరాయి, తీయడం వచ్చిన టెక్నీషియన్లూ ఉన్నారు. హెర్పిస్ డీఎన్‌ఏ వైరస్, ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే మొదటి 'ఆర్‌టీ' మెట్టు కూడా అక్కర్లేదు. కావలసింది కిట్, ఇండెంట్ మీద ఒక సంతకం. జననాంగ పుండు ఉన్న ప్రతివారికీ సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా అదే రోజు చేయాలి. రెండో రకం హెర్పిస్ ఉన్నవారికి హెచ్‌ఐవీ అంటుకునే ముప్పు సుమారు మూడింతలు.

5. చికిత్స. ముందు మందుల షాపులో దొరికే స్టెరాయిడ్ కలిపిన 'గజ్జి, తామర' క్రీములు పూసుకుని, పుండు పాకిన తర్వాత ఆస్పత్రికి వస్తున్నారు. కంటిలో హెర్పిస్‌కు స్టెరాయిడ్ చుక్కలు నల్లగుడ్డునే తినేస్తాయి. జననాంగ పుండుకు అసైక్లోవిర్ క్రీము రాసిచ్చే డాక్టర్లూ ఉన్నారు, దానివల్ల ఒరిగేది స్వల్పం. మొదటిసారి వచ్చినప్పుడు అసైక్లోవిర్ మాత్ర 400 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, 7 నుంచి 10 రోజులు. తిరగబెట్టినప్పుడు 800 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 5 రోజులు. చిమచిమ మొదలైన రోజే వేసుకుంటేనే ఫలితం, కాబట్టి చీటీ ముందే రాసిచ్చి ఇంట్లో మాత్రలు ఉంచుకోమనాలి. తరచు వచ్చేవారికి 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, నెలల తరబడి. నీళ్లు బాగా తాగమనాలి, కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి. ఒకరికి రెండో రకం ఉండి రెండోవారికి లేని జంటల్లో, ఉన్నవారు రోజూ వాలసైక్లోవిర్ 500 మి.గ్రా. వేసుకుంటే అంటడం దాదాపు సగం తగ్గుతుంది. రకం తెలియకుండా ఈ నిర్ణయం ఎలా తీసుకుంటారు? జననాంగ హెర్పిస్ ఒకటో రకమైతే చాలామందికి రోజూ మాత్ర అవసరమే ఉండదు. కండోమ్ ముప్పు తగ్గిస్తుంది, అది కప్పని చర్మం నుంచి మాత్రం అంటవచ్చు.

6. అసలు భయపడవలసిన చోట ఎవరూ మాట్లాడటం లేదు. నవజాత శిశువుకు హెర్పిస్ ప్రాణాంతకం. అది ఎక్కువగా, నూటికి 85 కేసుల్లో, కాన్పు సమయంలో అంటుతుంది. కడుపులో అంటేది సుమారు 5. పుట్టాక అంటేది సుమారు 10. తల్లికి ఎప్పటినుంచో ఉన్న హెర్పిస్ తిరగబెడితే బిడ్డకు అంటే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. చివరి నెలల్లో కొత్తగా అంటుకుంటే మాత్రం 30 నుంచి 50 శాతం. మూడో నెలలో టార్చ్ చేసి ఆర్చే తీర్చే ముప్పు కాదిది. గర్భిణికీ భర్తకూ ఇదివరకు ఎప్పుడైనా పెదవి మీద గానీ కింద గానీ పొక్కులు వచ్చాయా అని ఎవరికి వారిని విడిగా అడగాలి. భర్త పెదవి మీద పొక్కుంటే ముఖరతి వద్దని, చివరి మూడు నెలలు అసలే వద్దని చెప్పాలి. జననాంగ హెర్పిస్ తిరగబెట్టే చరిత్ర ఉంటే 36వ వారం నుంచి అసైక్లోవిర్ 400 మి.గ్రా. రోజుకు మూడుసార్లు ఇవ్వాలి. నొప్పులు మొదలైనప్పుడు దీపం పెట్టి చూడాలి. పుండు గానీ చిమచిమ గానీ ఉంటే సిజేరియన్. పాత చరిత్ర ఒక్కదాని పేరుతో కోత పెట్టకూడదు.

ఇక బారసాల. వచ్చినవారంతా బిడ్డను ఎత్తుకుని ముద్దాడతారు. పెదవి మీద పొక్కు ఉన్న మేనత్తకు 'నువ్వు దూరంగా ఉండు' అని చెప్పే ధైర్యం బాలింతకు ఉండదు. ఆ మాట డిశ్చార్జి కాగితం మీద మీరు రాసిస్తే ఆమె చూపిస్తుంది. మొదటి ఆరు వారాల్లో బిడ్డ పాలు మానేసినా, ఒళ్లు కాలినా చల్లబడినా, నీటి పొక్కు కనిపించినా, ఫిట్స్ వచ్చినా హెర్పిస్‌ను తలుచుకోవాలి. అనుమానం వస్తే ఫలితం కోసం ఆగకుండా అసైక్లోవిర్ ఇంజెక్షన్ కిలోకు 20 మి.గ్రా. చొప్పున ఎనిమిది గంటలకోసారి మొదలుపెట్టాలి. చర్మం, కన్ను, నోటికే పరిమితమైతే 14 రోజులు, మెదడుకో ఒళ్లంతటికో పాకితే 21 రోజులు. తల్లి పాలు ఇవ్వవచ్చు, రొమ్ము మీదే పుండు ఉంటే ఆ వైపు వద్దు.

మా డిమాండ్లు:

అ) ల్యాబుల యజమానులు హెర్పిస్ ఐజీఎమ్‌ను, '1+2' కలిపి చేసే పరీక్షలను రేటు కార్డుల నుంచి తొలగించాలి. పెళ్లికి ముందు చేయించే ప్యాకేజీల్లో, ఫుల్‌బాడీ ప్యాకేజీల్లో హెర్పిస్ ఏ రూపంలోనూ ఉండకూడదు.

ఆ) రకాలు విడదీసే ఐజీజీ చేస్తే రిపోర్టులో కిట్ పద్ధతి, ఇండెక్స్ విలువ, కటాఫ్ మూడూ ఉండాలి. కింద తెలుగులో ఈ మాటలు ముద్రించాలి: "ఈ పరీక్ష వైరస్ శరీరంలో ఏ చోట ఉందో, ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో చెప్పదు. ఒకటో రకం పాజిటివ్ పెద్దవారిలో ఎక్కువమందికి వస్తుంది. రెండో రకం విలువ 3.0 కన్నా తక్కువైతే మరో పద్ధతిలో నిర్ధారించుకోవాలి." మాటలు మార్చుకోవచ్చు, భావం పోగొట్టవద్దు.

ఇ) ఇలాంటి ఫలితాలను వాట్సాప్‌లో, అదీ ఇంట్లో వాళ్ల నంబరుకు పంపడం వెంటనే ఆపాలి.

ఈ) ప్రసూతి వైద్యులు గర్భం నిలవనివారికి టార్చ్ ప్యానెల్ రాయడం మానాలి. రుబెల్లా కావాలంటే రుబెల్లా ఒక్కటే రాయవచ్చు.

ఉ) చర్మవ్యాధుల వైద్యులు చీటీ మీద చోటు, రకం రెండూ రాయాలి. 'జననాంగ హెర్పిస్, హెచ్‌ఎస్‌వీ–1, పీసీఆర్' అన్నట్టు. రకం తేలకపోతే 'రకం తేలలేదు' అని రాయండి. సర్పిని సర్పి అనే రాయండి.

ఊ) రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు కూడా ఈ లేఖ ప్రతి పంపుతున్నాం. సుఖవ్యాధుల క్లినిక్కుల్లో ఇచ్చే ఎర్ర రంగు 5వ నంబరు కిట్, అంటే అసైక్లోవిర్ 400 మి.గ్రా. మాత్రలు 21, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ ఎప్పుడూ నిల్వ ఉండాలి. వైరాలజీ ల్యాబు ఉన్న మెడికల్ కాలేజీల్లో పుండు స్వాబ్ పీసీఆర్ ఉచితంగా చేయాలి. ల్యాబుల రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వచ్చినప్పుడు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులు రేటు కార్డు తెప్పించుకుని చూడాలి.

ఈ లేఖ వెలువడిన 90వ రోజు నుంచి ప్రతి జిల్లా కేంద్రంలో ల్యాబుల రేటు కార్డులు, ప్యాకేజీ కరపత్రాలు సేకరిస్తాం. ఐజీఎమ్ ఇంకా ఎవరి దగ్గర కనబడితే వారికి ముందు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ తర్వాత జిల్లా రిజిస్ట్రేషన్ అధికారికి ఫిర్యాదు చేస్తాం. కిట్లు మార్చుకోవడానికి, రిపోర్టు నమూనా తిరగరాయడానికి సాయం కావాలన్నవారు అడగండి, రుసుము లేకుండా చేసిపెడతాం.

ఇట్లు,
చర్మ–సుఖవ్యాధుల వైద్యులు, మైక్రోబయాలజిస్టులు, కౌన్సెలర్లు